థ్రాబింగ్ గ్రిసిల్ మొదటి ఆల్బమ్‌లో ఆ మురికి సౌండ్ డబ్బుల్లేక వచ్చిందా, కావాలని చేశారా?

మీరు అడిగింది చాలామందికి ఉండే డౌటే. థ్రాబింగ్ గ్రిసిల్ అనే నలుగురి ఇంగ్లీషు బ్యాండ్ 1977లో వేసిన మొదటి ఆల్బమ్ 'ద సెకండ్ యాన్యువల్ రిపోర్ట్' విన్నాం, పక్కింట్లో మిక్సీ తిరుగుతుంటే గోడకి చెవి ఆనించి విన్నట్టు ఉంది, ఇది డబ్బుల్లేక ఇలా వచ్చిందా లేక కావాలనే ఇలా చేశారా అన్నారు. మీరు ముగ్గురు ఫ్రెండ్స్ హైదరాబాద్‌లో ఇలాంటి ఆల్బమే ఒకటి చేద్దామనుకుంటున్నారు, లాప్‌టాప్‌లో నీట్‌గా రికార్డ్ చేసేసి చివర్లో లో-ఫై ప్లగిన్ ఒకటి, అంటే సౌండ్‌ని పాత టేప్‌లాగా మురికి చేసే సాఫ్ట్‌వేర్, పెడితే ఆ సౌండ్ వస్తుందా అని కూడా అడిగారు. నేను పాతికేళ్ళ పైనుంచి సౌండ్ పనిలో ఉన్నా, మొదట్లో కొన్నేళ్ళు మొత్తం టేప్ మీదే, ఈ రికార్డ్ అంటే నాకు చాలా ఇష్టం కూడా, కాబట్టి పొడుగ్గానే రాస్తా, కాస్త ఓపిగ్గా చదవండి.

డబ్బులు లేని మాట నిజమే. కానీ చేతకాక అలా వచ్చింది మాత్రం కాదు. ఆ నలుగుర్లో క్రిస్ కార్టర్ టీవీ కంపెనీలకి సౌండ్ పని చేసినాయన, సింథసైజర్లు సొంతంగా సోల్డరింగ్ చేసుకుని కట్టుకునే మనిషి, క్లీన్‌గా రికార్డ్ చేయడం ఎలాగో ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేదు. నమ్మకం కుదరకపోతే వాళ్ళే తర్వాతి ఏడు, అంటే 1978లో వదిలిన 'యునైటెడ్' అనే సింగిల్ వినండి, సింథ్ పాప్ పాటలాగా ఎంత శుభ్రంగా ఉంటుందో మీకే తెలుస్తుంది. అంటే వాళ్ళకి కావాలంటే శుభ్రంగా చేయగలరు, ఈ ఆల్బమ్‌కి అలా చేయలేదు. ఎందుకు చేయలేదో పేరులోనే ఉంది, అది రిపోర్ట్. కంపెనీలు ఏడాది చివర్లో షేర్‌హోల్డర్లకి ఇస్తాయే, ఈ ఏడు మేం ఈ పని చేశాం అని, అది. పాటల్ని చక్కబెట్టి వినిపించడం కంటే, ఏ రోజు ఏ గదిలో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు అప్పజెప్పడం వాళ్ళ ఉద్దేశం.

కొంచెం వెనక్కి వెళ్దాం. జెనెసిస్ పి-ఓరిడ్జ్, కోజీ ఫానీ టుట్టి ఇద్దరూ ఇంగ్లండ్‌లోని హల్ అనే ఊళ్ళో కూమ్ ట్రాన్స్‌మిషన్స్ పేరుతో పెర్ఫార్మెన్స్ ఆర్ట్ చేస్తూ, 1973లో లండన్ వచ్చారు. హాక్నీలో లండన్ ఫీల్డ్స్ పార్క్ పక్కన మార్టెల్లో స్ట్రీట్ 10వ నంబర్, పాత ఫ్యాక్టరీ బిల్డింగ్, దాని కింద బేస్‌మెంట్. పక్కనే రైలు లైను. ఆ బేస్‌మెంట్‌కి వాళ్ళు పెట్టుకున్న పేరు డెత్ ఫ్యాక్టరీ. పీటర్ క్రిస్టోఫర్సన్, అందరూ స్లీజీ అనేవాళ్ళు, ఆయన హిప్‌నోసిస్ అనే డిజైన్ కంపెనీలో పెద్ద పెద్ద రాక్ బ్యాండ్ల ఆల్బమ్ కవర్లు చేసే చోట పనిచేసేవాడు. క్రిస్ వచ్చి కలిశాక 1975 సెప్టెంబర్ 3న బ్యాండ్ మొదలైందని వాళ్ళే లెక్క చెప్పుకుంటారు, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించిన తేదీ అది, ఏరికోరి పెట్టుకున్నది.

మొదటి గిగ్, అంటే జనం ముందు వాయించింది, 1976 జులైలో. అంటే దాదాపు పది నెలలు ఆ బేస్‌మెంట్‌లో వీకెండ్లకి కూర్చుని వాయించుకుంటూ ఉన్నారన్నమాట, అదీ ఎప్పటికప్పుడు టేప్ చేసుకుంటూ. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మీ ఆల్బమ్ విషయానికొచ్చినప్పుడు మళ్ళీ దీని దగ్గరికే వస్తా.

డ్రమ్మర్ లేడు. రిథమ్ అంతా క్రిస్ మెషిన్లదే. కోజీ గిటార్ ఉల్‌వర్త్స్‌లో అమ్మే చవక రకం, మరీ బరువుగా ఉందని దాని చెక్కని కోసేసి సన్నగా చేశారు, ఆమె కార్డ్స్, అంటే రెండు మూడు స్వరాలు కలిపి మీటే పట్టులు, నేర్చుకోలేదు, నేర్చుకోవాలని అనుకోలేదు కూడా, తీగ మీద చెయ్యో ఇంకేదో వస్తువో జరుపుతూ వచ్చే సౌండ్‌తోనే పని చేసేది. కోర్నెట్ అనే చిన్న ట్రంపెట్ లాంటి బాకా కూడా ఊదేది. జెనెసిస్ బేస్ గిటార్, వయొలిన్, గొంతు. స్లీజీది ఇంకా విచిత్రం, ఆయన వాయిద్యం కేసెట్ ప్లేయర్లే. టీవీలో మాటలు, రోడ్డు మీద మాటలు, ఎక్కడెక్కడివో శబ్దాలు టేప్ చేసుకొచ్చి గిగ్‌లో వాటిని ఆన్ ఆఫ్ చేస్తూ ఉండేవాడు. ఇప్పుడు మనం శాంప్లర్ అంటున్న పని, ఆ రకం మెషిన్లు మార్కెట్లోకి రాకముందే, చేత్తో బటన్లు నొక్కుతూ.

వీటన్నిటి మధ్యలో ఉండే అసలు డబ్బా గురించి చెప్పకపోతే మీ ప్రశ్నకి సమాధానం సగమే. దాని పేరు గ్రిసిలైజర్. 1975లో ప్రాక్టికల్ ఎలక్ట్రానిక్స్ అనే పత్రికలో రాయ్ గ్విన్ అనే ఆయన గిటార్ ఎఫెక్ట్ ఒకటి ఇంట్లో కట్టుకునేలా సర్క్యూట్ ఇచ్చాడు, క్రిస్ దాన్ని తీసుకుని బ్యాండ్‌కి తగ్గట్టు మార్చి కట్టాడు. అది ఏం చేస్తుందో ఊహించుకోవడం చాలా తేలిక. చిన్నప్పుడు టేబుల్ ఫ్యాన్ ముందు నోరు పెట్టి 'ఆఁ' అని అరిచి ఉంటారు కదా, రెక్కలు గొంతుని ముక్కలు ముక్కలుగా కోస్తుంటే రోబో మాట్లాడినట్టు వినపడుతుంది. అదే పని కరెంటుతో. లోపల ఒక నెమ్మదైన ఆసిలేటర్, అంటే పైకీ కిందకీ ఊగే సిగ్నల్ పుట్టించే సర్క్యూట్, ఉంటుంది, అది సౌండ్ వాల్యూమ్‌నో ఫిల్టర్‌నో మీటలాగా పైకీ కిందకీ లాగుతూ ఉంటుంది, ఎంత స్పీడుగా, ఎంత లోతుగా, ఏ ఆకారంలో అనేది నాబ్స్‌తో మార్చుకోవచ్చు. గొంతు అందులోకి, గిటార్ అందులోకి పోయాక ఏది మనిషో ఏది మెషినో చెప్పడం కష్టం. కాబట్టి మీరు విన్న మురికిలో మొదటి వాటా టేప్‌ది కాదు, టేప్ దాకా రాకముందే సౌండ్ అలా తయారయి ఉంది.

రెండో వాటా టేప్‌ది. లెక్క చెప్తా. ఆ రోజుల్లో పెద్ద స్టూడియోలో 24 ట్రాక్ మెషిన్ అంటే టేప్ రెండు అంగుళాల వెడల్పు, సెకనుకి 38 లేదా 76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. కేసెట్ టేప్ వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు, అందులోనే ఇటు సైడు స్టీరియో, అటు సైడు స్టీరియో కలిపి నాలుగు ట్రాకులు ఇరుక్కోవాలి, నడిచే వేగం సెకనుకి 4.76 సెంటీమీటర్లు. అంత చిన్న చోట అంత నెమ్మదిగా రాస్తున్నప్పుడు లెవెల్ పెంచితే టేప్ మీద ఉన్న అయస్కాంత రేణువులు ఇంక మోయలేవు, సౌండ్ శిఖరాలు చదునైపోతాయి, అందులోనూ ముందు చచ్చేది హై ఫ్రీక్వెన్సీ. అందుకే గట్టిగా వాయించిన చోట మెరుపంతా పోయి మధ్యలో ఒక గుజ్జు మిగులుతుంది, మెల్లగా ఉన్న చోట హిస్, అంటే టేప్ సొంత బుస్సుమనే శబ్దం, పైకి లేస్తుంది. ఈ ఆల్బమ్‌లో మీరు వినే లైవ్ ముక్కలు ఇలా కేసెట్ మీద పట్టుకున్నవే.

మూడో వాటా గది. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. ఒక్కో వాయిద్యానికి ఒక్కో ట్రాక్ లేనప్పుడు తర్వాత సర్దుకోవడానికి ఏమీ ఉండదు, స్టేజి మీద ఎవరు ఎంత గట్టిగా వాయిస్తే బ్యాలెన్స్ అంతే. ఏదైనా చిన్న హాల్లో లో ఫ్రీక్వెన్సీలు గోడలకి కొట్టుకుని తిరిగొస్తాయి, జనం మాటలు కలుస్తాయి, ఇవన్నీ విడదీయడానికి వీల్లేకుండా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

ఇప్పుడు మొదటి సైడు చూడండి. ఒక నిమిషం ఇంట్రో తర్వాత 'స్లగ్ బెయిట్' మూడుసార్లు వస్తుంది, వేరే వేరే చోట్ల వాయించినవి, లండన్‌లోని ఐసీఏ అనే ఆర్ట్ సెంటర్, సౌతాంప్టన్, బ్రైటన్. ఆ తర్వాత 'మ్యాగట్ డెత్' నాలుగుసార్లు, ర్యాట్ క్లబ్ అనే చోట, స్టూడియోలో, మళ్ళీ సౌతాంప్టన్, మళ్ళీ బ్రైటన్. ఏ లేబుల్ అయినా వీటిలో బాగున్నది ఒకటి ఏరుకోండి, మిగతావి అవతల పారేయండి అంటుంది. వీళ్ళు అన్నీ పెట్టారు. మన పౌరాణిక నాటకాల్లో ఒకే పద్యం ఊరూరా ఎలా మారిపోతుందో విన్నవాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది, పద్యం అదే, కానీ ఒక ఊళ్ళో జనం వన్స్‌మోర్ అంటే రాగం ఇంకో రెండు నిమిషాలు సాగుతుంది, ఇంకో ఊళ్ళో మైకు గీ అంటే నటుడు గొంతు పెంచుతాడు, ఆ తేడాలోనే ఆ రాత్రి ఉంటుంది. వీళ్ళ మూడు 'స్లగ్ బెయిట్'లు వరసగా వింటే పాట మీద ధ్యాస తగ్గి గదుల మీద ధ్యాస పెరుగుతుంది. నాకైతే మొదటిసారి విన్నప్పుడు చిరాకేసింది, నాలుగోసారికో ఐదోసారికో అర్థమైంది, అప్పట్నుంచి ఆ సైడుని ముక్కలుగా వినడం మానేశా.

ఒక మాట ముందే చెప్పాలి. 'స్లగ్ బెయిట్'లో మాటలు ఒక హంతకుడి నోటితో చెప్పినవి, చాలా ఘోరంగా ఉంటాయి. నాకు అవి అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చవు. వాళ్ళ లేబుల్ లోగోకి ఆష్విట్జ్ క్యాంప్ ఫోటో వాడుకోవడం కూడా నేను సమర్థించలేను. సౌండ్ గొప్పది కాబట్టి అన్నీ గొప్పవే అనక్కర్లేదు. మీ ఆల్బమ్‌కి వీళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఆ భయపెట్టే మాటలు కాదు, పని పద్ధతి.

ఐసీఏ గురించి ఒక ముక్క. 1976 అక్టోబర్‌లో లండన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కాంటెంపరరీ ఆర్ట్స్‌లో కూమ్ వాళ్ళు ఒక ఎగ్జిబిషన్ పెట్టారు, ప్రారంభం రోజు రాత్రి థ్రాబింగ్ గ్రిసిల్ వాయించింది. ప్రభుత్వ గ్రాంట్లతో నడిచే చోట ఇదేంటి అని పేపర్లలో పెద్ద గొడవ, నికొలస్ ఫెయిర్‌బెర్న్ అనే ఎంపీ వీళ్ళని నాగరికతని నాశనం చేసేవాళ్ళు అన్నాడు. అంత గొడవ జరిగిన రాత్రి టేప్ ముక్క ఆల్బమ్‌లో మామూలుగా, పక్కన వేరే ఊరి టేప్ ముక్కలతో పాటు, ఏ హడావుడీ లేకుండా ఉంటుంది. ఇంకెవరైనా అయితే కవర్ మీద ఆ గొడవే వేసి అమ్ముకునేవాళ్ళు.

రెండో సైడు మొత్తం ఒకటే, కూమ్ వాళ్ళు తీసిన 'ఆఫ్టర్ సీజ్ టు ఎగ్జిస్ట్' అనే ఫిల్మ్‌కి సౌండ్‌ట్రాక్, 20 నిమిషాలు. మొదటి సైడులో ఉన్న అరుపులేవీ ఇందులో ఉండవు, నెమ్మదిగా, ఏదో పెద్ద షెడ్డులో రాత్రి షిఫ్టు అయిపోయాక మిగిలిపోయిన హోరులాగా సాగుతుంది. గిటార్ ఎక్కడో దూరంగా రాసుకుంటూ వెళ్తుంది. చాలామంది మొదటి సైడు గురించే మాట్లాడతారు గానీ నా ఓటు దీనికే, ఆ తర్వాత పదేళ్ళలో వచ్చిన డార్క్ యాంబియెంట్, అంటే తాళం లేకుండా చీకటి హోరులా సాగే సంగీతం, అంతా ఇందులో అప్పటికే ఉంది.

అదే రోజుల్లో వచ్చిన పంక్ అనే మోటు రాక్ సంగీతంతో పోలిస్తే ఇంకో విషయం బయటపడుతుంది. సెక్స్ పిస్టల్స్ మొదటి ఆల్బమ్ కూడా అదే 1977లో, అక్టోబర్ చివర్లో వచ్చింది. అందరూ దాన్ని ముడి సరుకు అనుకుంటారు, కానీ అది మంచి స్టూడియోలో, పేరున్న ప్రొడ్యూసర్‌తో, గిటార్ మీద గిటార్ పొరలు పొరలుగా ఓవర్‌డబ్ చేసి కట్టిన రికార్డ్. చాలా బాగా కట్టారు, తప్పు పట్టట్లేదు. కానీ నెల తిరక్కుండా నవంబర్‌లో వచ్చిన ఈ తెల్ల అట్ట రికార్డ్ ఆ దారిలోకే వెళ్ళలేదు. 785 కాపీలు, అంతే. సొంత లేబుల్, ఇండస్ట్రియల్ రికార్డ్స్, కేటలాగ్ నంబర్ ఐఆర్ 0002. హిప్‌నోసిస్‌లో కవర్లు చేసే మనిషి బ్యాండ్‌లోనే ఉండి కూడా కవర్ ఖాళీ తెల్ల అట్ట, మీద స్టిక్కర్లు, ఆఫీసు ఫైలులాగా. కాలిఫోర్నియా ఆర్టిస్ట్ మాంటీ కజాజా వాళ్ళకిచ్చిన నినాదం 'ఇండస్ట్రియల్ మ్యూజిక్ ఫర్ ఇండస్ట్రియల్ పీపుల్', మనం ఈ రోజు ఈ జానర్‌కి వాడే పేరు ఆ లేబుల్ నుంచి, ఆ నినాదం నుంచి వచ్చిందే.

ఇప్పుడు మీ ప్లగిన్ దగ్గరికి వద్దాం. నా అనుభవం ఒకటి చెప్తా. చాలా ఏళ్ళ కిందట మహబూబ్‌నగర్ వైపు ఒక ఊళ్ళో డప్పు బృందాన్ని రికార్డ్ చేశా, చేతిలో ఉన్నది ఒక కేసెట్ డెక్, రెండు మైకులు. మీటర్ ముల్లు మొత్తం ఎర్రలోనే ఉంది, దెబ్బ దెబ్బకీ టేప్ మూలుగుతోంది, వెనకాల పిల్లల గోల, ట్రాక్టర్. ఇంటికొచ్చి సిగ్గేసి దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి మూడు రోజులు కూర్చుని శుభ్రం చేశా, హిస్ తీసేశా, ట్రాక్టర్ తగ్గించా, దెబ్బలన్నీ ఒక లెవెల్‌కి తెచ్చా. తీసుకెళ్ళి వినిపిస్తే ఆ బృందం పెద్దాయన కాసేపు విని, 'డప్పు సల్లవడ్డట్టున్నది సార్' అన్నాడు. డప్పుని మంట దగ్గర కాపి బిగువు తెచ్చుకుంటారు కదా, చల్లారితే తోలు వదులై మోత పడిపోతుంది, అదీ ఆయన మాటకి అర్థం. తర్వాత ఒరిజినల్ కేసెట్ పెడితే ముఖం వెలిగింది, ఇదిగో ఇప్పుడు కాగింది అన్నాడు. టేప్ అలిసిపోవడం, ట్రాక్టర్‌ని మించి కొట్టాలని వాళ్ళు చెయ్యి పెంచడం, ఇవన్నీ ఆ వాయింపులో భాగం. నేను తీసేసింది మురికి అనుకున్నా, తీసేసింది వాళ్ళు కొట్టిన బలం.

ప్లగిన్‌తో వచ్చే చిక్కు దీనికి సరిగ్గా ఉల్టా. అన్నీ విడివిడిగా హెడ్‌ఫోన్స్‌లో నీట్‌గా వాయించి, చివర్లో మొత్తం మీద ఒకే రకం మురికి పూస్తే అది వాల్‌పేపర్‌లాగా ఉంటుంది. వీళ్ళ రికార్డింగ్‌లో గొంతు గిటార్ కింద మునిగిపోతుంటే జెనెసిస్ ఇంకా అరుస్తారు, ఆ అరుపుకి టేప్ ఇంకా నొక్కుకుపోతుంది, అది చూసి ఇంకొకరు తగ్గుతారు. ప్లగిన్‌కి మీరు వాయించేటప్పుడు మీ మాట వినే అవకాశమే లేదు, అది వచ్చేది అంతా అయిపోయాక.

కాబట్టి నా సలహా, లాప్‌టాప్ వాడండి, తప్పేం లేదు, కానీ ముగ్గురూ ఒకే గదిలో, ఒకేసారి, స్పీకర్ల మీద వాయించండి. గది మధ్యలో రెండు మైకులు చాలు. ఎవరిదైనా మరీ ఎక్కువైతే ఫేడర్ (వాల్యూమ్ మీట) కాదు, ఆంప్లిఫైయర్‌ని వెనక్కి జరపండి. ఎఫెక్ట్స్ ఏవైనా వాయించే ముందే సౌండ్ దారిలో ఉండాలి. పైసా ఖర్చు లేకుండా ఫోన్‌తో రికార్డ్ చేద్దామనుకుంటే ఒక్క జాగ్రత్త, మామూలు వాయిస్ రికార్డర్ యాప్‌లు చాలావాటిలో నాయిస్ తగ్గించే ఏర్పాటు ఉంటుంది, దానికి మనిషి మాట తప్ప మిగతాదంతా చెత్తే, మీ డ్రోన్‌ని, అంటే ఆగకుండా సాగే ఒకే స్వరాన్ని, అది ఫ్యాన్ సౌండ్ అనుకుని మింగేస్తుంది, మీరు ఐదు నిమిషాలు కష్టపడి నిలబెట్టిన హోరు ఫైల్‌లో ఉండనే ఉండదు. ఆ సెట్టింగ్, ఆటో గెయిన్ (లెవెల్‌ని దానంతటదే పెంచి తగ్గించేది) రెండూ ఆపే వీలున్న యాప్ చూసుకుని వేవ్ ఫైల్‌గా పట్టండి.

వాయిద్యాలకి డబ్బు పెట్టకండి. కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్ళి పీజో బజర్ బిళ్ళలు అడగండి, కొద్ది రూపాయల్లో వస్తాయి, దానికి రెండు వైర్లు సోల్డర్ చేసి రేకు డబ్బాకో, పాత సైకిల్ చక్రానికో, గ్రైండర్ గిన్నెకో టేప్‌తో అంటిస్తే అదే మైకు. కరెంటు ప్లగ్గుకి తగిలించే సామాను మాత్రం మూత విప్పకండి, బ్యాటరీతో నడిచేవాటితోనే ప్రయోగాలు చేయండి. చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి, చిన్న గదిలో గంటసేపు ఈ సౌండ్ అంటే ఆటలు కాదు, నా కుడి చెవి ఎడమ చెవి కంటే తక్కువ వింటుంది ఇప్పుడు.

ముందు చెప్పిన పది నెలల సంగతి ఇక్కడ పనికొస్తుంది. వచ్చే నెలలో ఆల్బమ్ అని డేట్ పెట్టుకోకండి. ప్రతి ప్రాక్టీసూ రికార్డ్ చేయండి, ఫైల్ పేరులో తేదీ, చోటు, ఎవరెవరున్నారు అనేది రాయండి, బాగోలేదని డిలీట్ చేయకండి. ఉన్న రెండు మూడు ముక్కలనే వేరే వేరే గదుల్లో వాయించండి, మీ హాల్లో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, ఎవరైనా ఒప్పుకుంటే ఆదివారం మూసేసిన వర్క్‌షాప్ షెడ్డులో. వీళ్ళు అలా పోగేసిన లైవ్ టేపులు ఎంత ఉన్నాయంటే తర్వాత 24 కేసెట్లు ఒక సూట్‌కేసులో సర్ది అమ్మారు. ఆర్నెల్ల తర్వాత కూర్చుని వింటే ఆల్బమ్‌కి కావల్సిన నలభై నిమిషాలు అందులోనే దొరుకుతాయి, అప్పుడు కూడా ముక్కల్ని ఏరండి, వరస మార్చండి, అంతేగానీ లోపల చెయ్యి పెట్టి సర్దొద్దు.

ఇంకొక్కటి. ఇదే ఆల్బమ్‌ని వాళ్ళు 2008లో పారిస్‌లో, ముప్ఫై ఏళ్ళు దాటాక, మళ్ళీ స్టేజి మీద మొత్తం వాయించారు, దానికి పెట్టిన పేరు 'ద థర్టీ సెకండ్ యాన్యువల్ రిపోర్ట్'. మెషిన్లు మారాయి, వయసు మారింది, సౌండ్ చాలా క్లియర్‌గా ఉంటుంది. పాత రికార్డ్‌ని 2017లో, నలభై ఏళ్ళకి, మ్యూట్ లేబుల్ మళ్ళీ వేసింది, అది తేలిగ్గానే దొరుకుతుంది. మీరు ముగ్గురూ ఒక రాత్రి కూర్చుని ముందు రెండో సైడు పెట్టండి, వాల్యూమ్ తక్కువలో, ఫ్యాన్ ఆపేసి. తర్వాత ర్యాట్ క్లబ్ 'మ్యాగట్ డెత్', దాని వెంటనే స్టూడియో వెర్షన్. గది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఆ రెండిటి మధ్య మీకు వినపడుతుంది. మీ మొదటి ప్రాక్టీస్ ఫైల్ ఏదైనా ఉంటే ఇక్కడ పెట్టండి, ఎడిట్ చేయకుండా, నేను వింటా.